గ్రాసనియమము – స్థౌల్యనింద
(మన మతసంప్రదాయములలో అతిభోజన విచారము)

అతిభోజనము వేఱు, స్థౌల్యము వేఱు. మొదటిది మనుష్యుడు చేయు పని. రెండవది అతని శరీరమునకు కలిగిన స్థితి. ఒకదానినుండి రెండవది పుట్టవచ్చును, పుట్టకపోవచ్చును. నేటి వ్యవహారమున ఈ రెండింటి నడుమనున్న ఎడము నానాటికి తఱిగిపోవుచున్నది. స్థూలకాయుని చూచినంతనే అతడు జిహ్వాచాపల్యమునకు లోనైనవాడని నిశ్చయించుటయు, ఆ నిశ్చయమునకు వైద్యముయొక్కయు, ఒక్కొక్కచో మతముయొక్కయు ప్రామాణ్యమును కల్పించుటయు పరిపాటియైనది. అట్లయినచో మన దేశమున భోజనమునకు మితిని విధించిన మతసంప్రదాయములు నిజముగా దేనిని నిందించినవి? అమితముగా తినుటనా, తిన్నవాని దేహమునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందుకై ధర్మసూత్రములను, బౌద్ధ జైన వాఙ్మయములను, ఆయుర్వేదమును, తుదకు తెలుగువారి యింటింట వినబడు వ్రతకథ నొకదానిని వరుసగా పరిశీలింతము.

1. ధర్మసూత్రముల లెక్క

తెలుగునాట వైదికులలో పెక్కుమంది ఆపస్తంబసూత్రులు. కావున వారి ధర్మసూత్రముతో ఆరంభించుట యుచితము. ఆ గ్రంథమున ద్వితీయప్రశ్నమునందు గృహస్థధర్మములను చెప్పుచోట గ్రాసముల లెక్క యొకటి ఉదాహరింపబడినది. మునికి 8 ముద్దలు, వానప్రస్థునకు 16, గృహస్థునకు 32. బ్రహ్మచారికి మాత్రము పరిమితి లేదు. ఈ లెక్కయే బౌధాయన వాసిష్ఠములందును కానవచ్చును. దీనిని విడిగా చదివినచో ఇది కేవలము ఇంద్రియనిగ్రహమునకై చేసిన కట్టడివలె తోచును. కాని ఆపస్తంబుడు దీనిని ఏ సందర్భమున చెప్పెనో గమనించినచో అర్థము మాఱును.

ఈ లెక్కకు ముందున్న సూత్రములు అన్నమును పంచుటను గూర్చినవి. ఇంట నిత్యము భుజించువారికి లోటు రానీయకయే అతిథులకు పంచిపెట్టవలెనని మొదటి నియమము. కొఱత వచ్చినచో గృహస్థుడు తనకో, భార్యకో, కుమారునకో తగ్గించుకొనవచ్చును గాని, తన పని చేయు దాసునకు మాత్రము తగ్గింపరాదని రెండవ నియమము. తాను చేయవలసిన కర్మలకు శక్తి చాలనంతగా తన తిండిని తగ్గించుకొనరాదని మూడవ నియమము. వీని వెంటనే గ్రాసముల లెక్క వచ్చుచున్నది. ఆ లెక్క తరువాత, ఆహితాగ్నియు, ఎద్దును, బ్రహ్మచారియు తినియే తమ పనిని నెఱవేర్తురు గాని తినక నెఱవేర్పజాలరని చెప్పబడినది.

ఈ క్రమమును పరికించినచో రెండు విషయములు తేటపడును. ముద్దల సంఖ్య నిర్ణయించునది దేహపరిమాణము కాదు, ఆశ్రమమును ఆ యాశ్రమమునకు చెందిన పనియును. ఎదుగు వయస్సున నుండి, గురుకులమున శ్రమించు బాలునకు లెక్కయే లేదు. రెండవది, మితి యనునది తినువాడు తనకు తాను విధించుకొనునదియే గాని, యజమానుడు సేవకునకు విధించునది కాదు. తన విస్తరిలో తగ్గించుకొనుట ధర్మము. ఇతరుని విస్తరిలో తగ్గించుట లోభము. అన్నదానమును పరమధర్మముగా భావించి, వద్దనువఱకు వడ్డించు ఆచారమును, మితభోజనమును మెచ్చుకొను శాస్త్రమును ఒకే సమాజమున ఎట్లు పొసగినవని సందేహించువారికి ఇదియే సమాధానము. వడ్డించువానికి ఒక ధర్మము, భుజించువానికి మఱొక ధర్మము.

మనుస్మృతి అతిభోజనమును స్పష్టముగా నిషేధించినది. అది ఆరోగ్యమునకును, ఆయుస్సునకును, స్వర్గమునకును, పుణ్యమునకును విరోధియనియు, లోకులు ద్వేషించునదియనియు ద్వితీయాధ్యాయమున చెప్పబడినది. ఇందు ఆరోగ్యము మొదట పేర్కొనబడుట గమనింపదగినది. అయినను ఇచ్చట ద్వేషవిషయమైనది అతిభోజనమే గాని అతిభోక్త దేహము కాదు. అదే గ్రంథమున ప్రాయశ్చిత్తముగా విధింపబడిన చాంద్రాయణవ్రతమున ముద్దలు చంద్రకళలను అనుసరించి దినమునకొకటి చొప్పున తఱుగుచు పెరుగుచుండును. పాపము చేసినవాడు కృశించియున్నను, స్థూలుడైయున్నను వ్రతవిధి యొక్కటియే. భగవద్గీత ఆఱవ అధ్యాయమున అతిగా తినువానికివలెనే బొత్తిగా తిననివానికిని యోగము లేదని చెప్పుట ఈ సంప్రదాయమునకు మేరగా నిలిచినది. అధికమెంత దోషమో, శుష్కోపవాసమును అంత దోషమే.

2. బౌద్ధుల ప్రత్యవేక్షణము

బౌద్ధసంఘము ఆంధ్రదేశమున శతాబ్దులపాటు వర్ధిల్లినది. అమరావతి, నాగార్జునకొండ మున్నగుచోట్ల విహారములు వెలసినవి. నాగార్జునకొండ శాసనములలో ఒకటి తామ్రపర్ణికి, అనగా సింహళమునకు, చెందిన ఆచార్యులను పేర్కొనుచు, బోధిశ్రీ యను ఉపాసిక చేసిన నిర్మాణములను వర్ణించుచున్నది. సింహళమున పాళిభాషలో నిలిచిన వినయసంప్రదాయము ఈ నేలకు పరాయిది కాదనుటకు ఇది నిదర్శనము.

ఆ వినయమున మధ్యాహ్నము దాటిన పిమ్మట భుజించుట భిక్షువునకు నిషిద్ధము. ఈ నియమమునకు రెండు విధములైన కారణములు మజ్ఝిమనికాయమున కలవు. రాత్రిభోజనము మానుటచే తనకు రోగము లల్పములై, శరీరము తేలికయై, బలము కలిగినదని బుద్ధుడు కీటాగిరిసుత్తమున చెప్పెను. లటుకికోపమసుత్తమున ఉదాయి యను భిక్షువు మఱొక కారణమును తెలిపెను. చీకటిలో భిక్షకు పోయినపుడు అంట్లు కడుగుకొనుచున్న స్త్రీ యొకతె మెఱుపు వెలుగున తన్ను చూచి పిశాచమని జడిసికొనెనట. అనగా కాలనియమము ఆరోగ్యమునకును, గృహస్థుల నెమ్మదికిని సంబంధించినది. రోగియైన భిక్షువునకు నేయి, వెన్న, నూనె, తేనె, బెల్లము ఔషధములుగా అనుమతింపబడినవి. ఏడు దినములవఱకు వానిని నిలువచేసికొనవచ్చును. ఆరోగ్యవంతుడు రుచిగల పదార్థములను తనకై యడిగి తెచ్చుకొనుట దోషము. రోగి యడుగుట దోషము కాదు.

భోజనమునకు ముందు భిక్షువు చేయవలసిన ప్రత్యవేక్షణము మన ప్రశ్నకు మిక్కిలి ముఖ్యమైనది. అన్నము క్రీడకొఱకు కాదు, మదముకొఱకు కాదు, మండనముకొఱకు కాదు, విభూషణముకొఱకు కాదు. ఈ శరీరము నిలుచుటకు మాత్రమే యని అతడు తలపోయవలెను. క్రీ. శ. 5వ శతాబ్దిలో అనురాధపురమున విశుద్ధిమార్గమును రచించిన బుద్ధఘోషుడు ఈ నాలుగు పదములకును నాలుగు విధముల మనుష్యులను చూపెను. క్రీడకై తినువారు గ్రామబాలురు. మదమునకై తినువారు మల్లులు. అవయవములు నిండుటకై తినువారు అంతఃపురస్త్రీలును వేశ్యలును. మేనిచాయకై తినువారు నటులును నర్తకులును. దీనినిబట్టి సంఘము మెచ్చు దేహరూపమును పొందుటకై తినుటను బౌద్ధము పరిహరించినదని తెలియుచున్నది. నాడు మెచ్చబడినది నిండుదనము. నేడు మెచ్చబడునది సన్నదనము. ఈ న్యాయమును పొడిగించినచో, రూపమునకై తినుట యెట్టిదో రూపమునకై తినకుండుటయు అట్టిదే యగును.

శాతవాహనరాజునకు నాగార్జునాచార్యుడు వ్రాసినదని సంప్రదాయము చెప్పు సుహృల్లేఖయందును ఈ భావమే కలదు. టిబెటు, చీనా అనువాదములద్వారా ప్రసిద్ధమైన ఆ లేఖలో అన్నమును ఔషధమువలె, రాగద్వేషములు లేక, దేహపుష్టికి గాక దేహధారణమునకై సేవింపుమని రాజునకు బోధింపబడినది.

సంయుత్తనికాయమున కోసలరాజు ప్రసేనజిత్తు కథ యొకటి కలదు. అతడు ద్రోణపరిమితమైన అన్నమును భుజించువాడు. ఒకనాడు సుష్ఠుగా తిని, రొప్పుచు బుద్ధుని సన్నిధికి వచ్చెను. బుద్ధుడు అతని దేహమును గూర్చి యొక్కమాటయు అనలేదు. భోజనమున మాత్ర నెఱిగినవానికి వేదనలు తగ్గుననియు, జరారాక ఆలస్యమగుననియు, ఆయువు నిలుచుననియు భావము గల గాథను చెప్పెను. రాజు తన వెనుక నిలిచియున్న సుదర్శనుడను బ్రాహ్మణయువకునిచే ఆ గాథను నేర్పించి, తాను భుజించునపుడెల్ల చదువుమని నియమించి, దినమునకు 100 కార్షాపణములు ఏర్పఱచెను. క్రమక్రమముగా అతని భోజనము ఒక్క నాళికకు దిగెను, మేను తేలికపడెను. భగవానుడు తనకు ఇహమునందును పరమునందును హితము చేసెనని రాజు సంతసించెను. తగ్గించిన విధమును అట్ఠకథ వివరించినది. తుదిముద్ద యెత్తునపుడు గాథ చదువబడును. రాజు ఆ ముద్దను విడుచును. అందలి మెతుకుల లెక్కకు సరిగా మఱునాడు బియ్యము తగ్గింపబడును. ఒక్కసారిగా చేసిన ఉపవాసము కాదు, నిందచే కలిగిన సిగ్గు కాదు. ప్రతిదినము విన్న స్మరణవాక్యమును, స్వల్పస్వల్పముగా తగ్గిన కొలతయును ఆ రాజును బాగుచేసినవి.

ఇచ్చట ఒక ఆక్షేపము కలుగవచ్చును. ధమ్మపదమున అమితముగా తిని నిద్రించువాడు మేపుడు పందితో పోల్చబడెను గదా. ఇది స్థూలునకు నింద కాదా? ఆ పోలికలో నిందింపబడినవి తిండిపోతుతనమును, సోమరితనమును, పొరలాడు నిద్రయును. ఆ గుణములు లేని స్థూలకాయుడు ఆ గాథకు లక్ష్యము కాడు. ఆ గుణములు గల కృశాంగుడు లక్ష్యము కాకపోడు.

3. జైనుల అవమౌదర్యము

జైనులు ఆహారసంయమమును తపస్సులలో చేర్చిరి. తత్త్వార్థసూత్రము చెప్పిన ఆఱు బాహ్యతపస్సులలో అనశనము మొదటిది, అవమౌదర్యము రెండవది, రసపరిత్యాగము నాలుగవది. అవమౌదర్యమనగా కడుపునకు కొంచెము వెలితి యుంచుట. పురుషునకు పూర్ణాహారము 32 కబళములు, స్త్రీకి 28 అని దిగంబరగ్రంథములు లెక్కించినవి. శ్వేతాంబరాగమములు కబళమును కోడిగ్రుడ్డంత ప్రమాణముగా చెప్పి, 8 కబళములు తినువాడు అల్పాహారియనియు, 31 తినువాడును కించిదూనావమౌదర్యమును పాటించినవాడే యనియు విభజించినవి. ఆపస్తంబుడు గృహస్థునకు చెప్పిన 32 సంఖ్యయే ఇచ్చటను నిండుభోజనమగుట గమనింపదగిన సామ్యము.

ఈ విభాగమునందలి విశేషమేమన, ఒక్క ముద్ద తగ్గించుటయు తపస్సే. అది కంటికి కనబడదు, దేహమునందు తెలియదు. పొరుగువాడు చూచి మెచ్చుకొనుటకు వీలులేని తపస్సునకు స్థానమిచ్చిన సంప్రదాయము, పొరుగువాడు చూచి నిందించుటకు దేహమును గుఱుతుగా తీసికొనలేదనుట సహజమైన అనుమానము.

జైనమతము ఆహారనియమములను వైద్యములోనికి కూడ కొనివచ్చినది. ఉగ్రాదిత్యాచార్యుని కల్యాణకారకము ఇందుకు నిదర్శనము. వేంగీ త్రికళింగములతో సంబంధించిన రామగిరిపై తాను ఆ గ్రంథమును రచించినట్లు అతడు చెప్పుకొనెను. రామగిరి నేటి విజయనగరము జిల్లాలోని రామతీర్థమని పలువురు పరిశోధకుల అభిప్రాయము. సంస్కృతమున రచింపబడిన ఆ వైద్యగ్రంథము 1940లో షోలాపురమునుండి ముద్రితమైనది. మద్యము, మాంసము, మధువు అను మూడింటిని ఉగ్రాదిత్యుడు చికిత్సలనుండి తొలగించెను. స్థౌల్యచికిత్సలో తేనెకు చరకసంహిత ఇచ్చిన స్థానమును తలచినచో ఈ త్యాగము ఎంతటిదో తెలియును. మతనియమమును వైద్యప్రయోజనమును ఢీకొన్నపుడు, రోగిని నిందింపక, ఔషధమును మార్చుటయే ఆ యాచార్యుడు అవలంబించిన మార్గము.

4. వైద్యుల దృష్టి

దేహముయొక్క స్థౌల్యమును నేరుగా చర్చించినవారు వైద్యులు. చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకమున నిందకు పాత్రులగుచున్న ఎనిమిది విధముల దేహములను అది పేర్కొనినది. అతిదీర్ఘుడు, అతిహ్రస్వుడు, అతిలోముడు, అలోముడు, అతికృష్ణుడు, అతిగౌరుడు, అతిస్థూలుడు, అతికృశుడు. ఇందు స్థూలుడు ఒంటరివాడు కాడు. పొట్టివాని ప్రక్కను, నల్లనివాని ప్రక్కను నిలిచియున్నాడు. ఎత్తును, రంగును ఎవరును తమ తప్పుచే తెచ్చుకొనరు. కావున ఈ నింద నైతికమైనది కాదు. లోకులు చూచు చూపును వైద్యుడు నమోదు చేసెను.

వీరిలో స్థూలకృశుల నిద్దఱినే గ్రంథకర్త విస్తరించి చెప్పెను. ఏలన చికిత్సకు లొంగునవి ఆ రెండే. స్థౌల్యమునకు హేతువులుగా అతిభోజనము, గురుమధురశీతస్నిగ్ధపదార్థములు, వ్యాయామము లేమి, పగటినిద్ర, నిత్యహర్షము, చింతలేమి చెప్పి, తుదకు బీజస్వభావమును కూడ చేర్చెను. తల్లిదండ్రులనుండి సంక్రమించు ప్రకృతియు స్థౌల్యమునకు కారణమని ఆనాడే గుర్తించుట గొప్ప విషయము. హేతువులలో ఒకటి పుట్టుకయైనపుడు దేహమును చూచి దోషమును నిర్ణయించుట తర్కమునకు నిలువదు. అయినను చరకుడు స్థౌల్యమును ఉపేక్షింపలేదు. ఆయుఃక్షయము, కదలికకు శ్రమ, దౌర్బల్యము, అతిస్వేదము, అతిక్షుత్తు, అతిపిపాస మున్నగు ఎనిమిది దోషములను లెక్కించి, వ్యాయామమును, తృప్తినిచ్చియు పోషణమీయని ఆహారమును విధించెను. జాలి లేని నిందయు లేదు; నిజమును దాచిన జాలియు లేదు.

ఉదరమును భాగములు చేసి చెప్పుట వైద్యమతములు కలిసికొను మఱొక తావు. కడుపున ఒక భాగము ఘనాహారమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి దోషసంచారమునకు విడువవలెనని చరకుడు. నాలుగు భాగములు చేసి రెండు అన్నమునకు, ఒకటి పానీయమునకు, ఒకటి వాయువునకని వాగ్భటుడు. తిర్మిజీ సంకలనముచేసిన ప్రవక్తవచనములలోను, నడుము నిలుపు కొన్ని ముద్దలు చాలుననియు, అంతకు మించినచో మూడవవంతు అన్నమునకు, మూడవవంతు నీటికి, మూడవవంతు ఊపిరికి నుంచవలెననియు గలదు. వేర్వేఱు మతములవారు ఒకే విధమైన కొలతను చెప్పిరి. ఆ కొలత లోపలినుండి తెలియునది. బయటినుండి చూచువానికి అందునది కాదు.

5. నవ్వినవానికి శాపము

శాస్త్రములు ఇట్లుండగా లోకము నవ్వకుండినదా? నవ్వినది. సంస్కృతనాటకములలోని విదూషకుడు భోజనప్రియుడై ప్రేక్షకులను నవ్వించువాడు. ఆ నవ్వునకు మతము చెప్పిన సమాధానము తెలుగువారి వినాయకచవితి వ్రతకథలో కలదు.

భాద్రపద శుద్ధ చవితినాడు వినాయకుడు భక్తులర్పించిన ఉండ్రాళ్లను, కుడుములను కడుపార ఆరగించి, భుక్తాయాసముతో కైలాసమునకు పోయి తల్లిదండ్రులకు ప్రణామము చేయబోయెను. చేతులు నేలకానినచో పొట్ట ఆనదు, పొట్ట ఆనినచో చేతులు ఆనవు. శివుని శిరముననున్న చంద్రుడు దానిని చూచి వికటముగా నవ్వెను. వినాయకుని ఉదరము పగిలెను. పార్వతి కోపించి, చంద్రుని చూచినవారికి నీలాపనిందలు కలుగుగాక యని శపించెను. లోకము బాధపడగా దేవతలు వేడుకొనిరి. శాపము ఆ యొక్క చవితి దినమునకు పరిమితమైనది.

ఈ కథయొక్క న్యాయము సూక్ష్మమైనది. అతిభోజనమునకు ఫలితము లేదని కథ చెప్పలేదు. ఆయాసము కలిగినది, ఉదరము పగిలినది. కాని శాపము తిన్నవానికి తగులలేదు, నవ్వినవానికి తగిలినది. దేహమునకు దేహధర్మమువలన కలుగవలసినది కలిగినది. దానిపై పరిహాసమును చేర్చినవాడు అపరాధియైనాడు. శిక్షయు నేరమునకు తగినదే. ఒకని రూపమును చూచి నిందించినవానికి, తనను చూచినవారెల్ల నిందపాలగుట శిక్షయైనది. లంబోదరుని తొలిపూజకు అర్హునిగా నిలిపిన సమాజము, ప్రతియేట ఆ పూజానంతరము ఈ కథను చెప్పుకొని శిరస్సున అక్షతలు ధరించుచున్నది.

6. ఉపసంహారము

ఈ విచారము నేడు కేవలము గ్రంథచర్చ కాదు. 2019–21లో జరిగిన 5వ విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో అధికబరువు లేక స్థౌల్యము గలవారు దేశమున 24 శాతము, ఆంధ్రప్రదేశమున 36.3 శాతము, తెలంగాణమున 30.1 శాతము. అదే సర్వేలో దేశమున 18.7 శాతము స్త్రీలు ఉండవలసిన బరువునకు తక్కువగా నున్నారు. ఈ లెక్కలకు ఆధారమైన బాడీ మాస్ ఇండెక్స్ 19వ శతాబ్దిలో బెల్జియము దేశీయుడైన కేత్లే యను గణాంకశాస్త్రజ్ఞుడు జనసమూహములను వర్ణించుటకై కనిపెట్టిన సూత్రము. 1972లో ఆన్సెల్ కీస్ మున్నగువారు దానికి ఆ పేరు పెట్టిరి. సమూహమును కొలుచుటకు పుట్టిన కొలత వ్యక్తిపై తీర్పుగా మాఱుట మన కాలపు విశేషము. మధుమేహము, హృద్రోగములకు స్థౌల్యముతో గల సంబంధము నిజమైనది. దానిని కాదనుట చరకుని కాదనుటయే. అయితే ఆ సత్యమును ఏ విధముగా చెప్పవలెనను విషయమున మన సంప్రదాయములు విడిచిపోయిన మార్గము స్పష్టముగా నున్నది.

పైన చూపిన ఆధారములనుండి మూడు సిద్ధాంతములు తేలుచున్నవి. మితి పంపకముతో కూడినది. ఇతరుని అన్నమును తగ్గించుటకు అది సాధనము కాదు. మితి సడలింపుతో కూడినది. రోగికి, బాలునకు, శ్రమించువానికి వేర్వేఱు కొలతలు కలవు. మితి తినువాని యెఱుకకు సంబంధించినది. దేహము దానికి సాక్ష్యము కాదు. ఉపవాసములను బోధించువారును, ఆరోగ్యమును బోధించువారును ఈ మూడింటిని విడిచి సంఖ్యలను మాత్రము గ్రహించినచో వారు చెప్పునది మితాహారము కాదు, స్థౌల్యనింద. ప్రసేనజిత్తునకు గాథను చదివి వినిపించిన సుదర్శనుని స్థానము వారికి కలదు. శివుని శిరముపైనుండి నవ్విన చంద్రుని స్థానమును వారు కోరుకొనరాదు.